పదిహేడో నంబరు బూట్ల పెట్టె

మార్చి రెండో వారం. టొలీడోలో మంచు ఇంకా
చెత్తకుండీల వెనక నల్లగా పడి ఉండగానే
లవెల్ బ్రాడ్‌నాక్స్ వస్తాడు.
నా దుకాణం గుమ్మానికి తల వంచుతాడు,
చర్చిలో కూడా అంత వంచడేమో.
చంకలో బూట్ల పెట్టె. పదిహేడో నంబరు.
పైన ఈ ఏటి పన్నుల కాగితాలు,
అడుగున పారెయ్యమన్నా పారెయ్యని పాతవి.

పన్నెండేళ్లుగా అతని లెక్క నేనే రాస్తున్నాను.
ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతాడు.
సీటు వెనక్కి జరిపించి బోల్టు వేయించుకున్నాడు,
అయినా మోకాళ్లు స్టీరింగుకి చెరోవైపూ
మడత విరిగిన గొడుగుల్లా లేచే ఉంటాయట.

ఈసారి వాన. ఇంకెవరూ రాలేదు.
"అయోనీ, ఆడినన్నాళ్లూ ఎంత సంపాదించానో కూడిపెట్టు.
బస్సులో ఒక కుర్రాడు అడిగాడు.
తెలీదన్నాను. నమ్మలేదు వాడు."

కూడాను.
ఏడు సీజన్లు, ఇరవై మూడు లక్షల పద్నాలుగు వేల డాలర్లు.
మిషను కాగితం బల్ల దిగి నేలమీద చుట్టుకుంది.
ఇద్దరం కాసేపు దానివైపే చూశాం,
ఎవరింటి పిల్లో దారి తప్పి లోపలికొచ్చినట్టు.

తర్వాత తీసివేతలు.
ముందు ప్రభుత్వం, ముక్కు పిండి.
ఏజెంటు. ఏజెంటు మీద కేసు వేసిన వకీలు.
ఆడిన ప్రతి ఊరూ తన ముక్క కోసుకుంది,
పదకొండు నిమిషాలే ఆడిన ఊరు కూడా.
అమ్మ ఇంటికి కప్పు. కజిన్ టైరెల్‌కి కార్ వాష్.
ఆ కార్ వాష్‌కి మళ్లీ కప్పు.
ఎవరివో అంత్యక్రియలు, రసీదు మీద పేరు చెరిగింది.
చేతికి ఎముక లేదంటారు ఇలాంటివాళ్లని.
అతని కుడిచేతి ఎముక మూడుచోట్ల విరిగినట్టు
ఎక్స్‌రే బిల్లుంది, అదీ ఈ పెట్టెలోనే.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయట.
ఇతన్ని వాళ్లే కూర్చోబెట్టారు, బెంచీ మీద.
రెండు సీజన్లు మెడలో తువ్వాలు వేసుకుని
కొండ కరగడం ముందు వరసలోంచి చూశాడు.

"ఇంకో సీజను నిండి ఉంటే పింఛను వచ్చేది," నోరు జారాను.
"తొమ్మిది రోజులు తక్కువ," అన్నాడు,
రేపు కూడా వానే అన్నంత మామూలుగా.

పెట్టె అడుగున టర్కీ భాషలో ఒక ఒప్పందం.
నల్లసముద్రం ఒడ్డున చిన్న ఊరు, చిన్న క్లబ్బు.
నాలుగు నెలలు జీతం లేదు.
ఐదో నెల క్లబ్బు ప్రెసిడెంటు, తోటలున్న పెద్దమనిషి,
ఆరు బస్తాల హేజెల్‌నట్స్ దింపించాడట గుమ్మంలో.
అప్పుడు నవ్వాడు లవెల్. కుర్చీ కిర్రుమంది.
"ఏం చేశావు?"
"తిన్నాం. టీమంతా. బయట మ్యాచ్‌కి వెళ్లి
రాత్రంతా బస్సులో పెంకులు పగలగొడుతూ.
డ్రైవరు తిట్టాడు, తర్వాత వాడూ చెయ్యి చాపాడు.
ఆ రోజు ముప్పై ఒకటి కొట్టాను, అయోనీ.
పేపర్లో నా పేరు తప్పు పడింది.
పర్లేదు, అంకె సరిగ్గానే వేశారు."

పెట్టె మూలలోంచి ఒక గింజ తీశాడు.
గోధుమరంగు పోయి కట్టెరంగు.
చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, తర్వాత నా చెవి దగ్గర.
లోపల ఏదో ఇంకా కదులుతోంది.
దీన్ని ఏ గడిలో రాయాలో
నా ఫారాల్లో ఎక్కడా లేదు.

ఈ ఏడు తిరిగొచ్చేది నాలుగొందల పన్నెండు డాలర్లు.
నా ఫీజు అరవై. చిల్లర వద్దన్నాడు, ఎప్పటిలాగే.
ఎప్పటిలాగే నేను చేతిలో పెట్టాను.

"కుర్రాడికి ఏం చెప్తావు?"
"ముప్పై ఒకటి."
"డాలర్లనుకుంటాడు."
"అనుకోనీ."

తల వంచి గుమ్మం దాటాడు.
కోటు విప్పి పెట్టెకి కప్పి
తను తడుస్తూ బస్సుదాకా నడిచాడు.
కాగితం రీలు మాత్రం తీసుకెళ్లలేదు.
మూడుసార్లు చెత్తబుట్టలో వేసి
మూడుసార్లూ తీశాను.